పరిచేవాళ్లు ముగ్గురు, ఉతికేది ఒక్కరు

హనుమకొండ నుంచి ఒక సోదరి పొడుగాటి ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. ఆమె ప్రైవేటు స్కూల్లో టీచర్, భర్తకు కాజీపేటలో ఉద్యోగం. బాబుకు ఐదేళ్లు. పాపకు తొమ్మిది నెలలు, ఇప్పుడిప్పుడే పాకుతోంది. అత్తమ్మ వీళ్ల దగ్గరే ఉంటారు. ఎండాకాలం సెలవుల్లో కొత్త ఇంట్లోకి మారారు. ఇల్లంతా నున్నటి టైల్స్. దిగిన కొన్నాళ్లకే బాబు సాక్సులతో ఉరికి జారిపడితే గదవకు కుట్లు పడ్డాయి. పిల్లల గదిలో కింద ఏదైనా పరవాలన్న మాట అప్పుడు మొదలైంది.

భర్త ఆన్‌లైన్‌లో బూడిద రంగు బొచ్చు కార్పెట్ తెప్పించారు. పరిచిన రెండో రాత్రి నుంచే బాబుకు దగ్గు. వాడికి దుమ్ము పడదని, అప్పుడప్పుడు పిల్లికూతలు వస్తాయని డాక్టరు ఇదివరకే చెప్పి ఉన్నారు. అత్తమ్మ పుట్టిల్లు వరంగల్ కొత్తవాడ. తన పెళ్లికి అన్న నేసిచ్చిన జంపఖానాను ట్రంకుపెట్టెలోంచి తీసి పరవమన్నారు. కలరా ఉండల వాసన గుప్పుమంటోందని ఈమె వద్దంటే, “మా అన్న చేతిపని మీ టైల్సుకు పనికిరాదా” అని రెండు రోజులు ముభావంగా ఉన్నారట. డాలస్‌లో ఉన్న ఆడబిడ్డ మాత్రం ఆ రెండూ వద్దు, అక్కడ అందరూ వాడేది ఫోమ్ మ్యాటే అని లింకు పంపారు.

“అక్కా, ఎవరి మాట విన్నా ఇంకొకరికి కోపం. పిల్లలకు ఏది మంచిదో చెప్పండి, అదే పరుస్తాను. బాబుకేమో రోడ్లు, కార్లు బొమ్మలున్నది కావాలట. కలంకారీ అచ్చు వేసిన జంపఖానాలు కూడా ఉంటాయంటున్నారు, అవి తీసుకోవచ్చా?” అని ముగించారు.

చెల్లెమ్మా,

మీ ఉత్తరంలో ముగ్గురు మూడు రకాలు పరిచారు. దాన్ని ఎవరు దులపాలి, ఎవరు ఉతకాలి, తడిసి బరువెక్కినదాన్ని డాబా మీదికి ఎవరు మొయ్యాలి అన్న మాట ఒక్కరూ ఎత్తలేదు. మీరూ రాయలేదు. అది మీ పనేనని మీతో సహా అందరూ ముందే ఒప్పేసుకున్నట్టున్నారు. నేను అక్కణ్నుంచే మొదలుపెడతాను. పాకే పాప, దుమ్ము పడని బాబు ఉన్న గదిలో ఏది పరిచినా వారం తిరక్కుండా పాలో, ఉచ్చో, పప్పన్నమో దాని మీద పడుతుంది. పడ్డప్పుడు తేలిగ్గా ఉతికి, ఆరేసి, మళ్లీ పరవగలిగితే అది మంచిది. ఉతకలేకపోతే ఎంత ఖరీదుదైనా మూడు నెలలకు మురికిమూట. మెత్తదనం, రంగు, ఎవరు తెచ్చారన్నది అన్నీ దాని తరువాతే.

ముందు మీవారి కార్పెట్. పిల్లాడు మళ్లీ పడితే దెబ్బ తగలకూడదనే ఆయన తెప్పించారు, అందులో తప్పు పట్టడానికేం లేదు. బొచ్చు తివాచీ మన ఊరికి కొత్త కూడా కాదు. 1851లో లండన్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనకు వరంగల్ తివాచీలు వెళ్లాయి. కాకపోతే అవి పసిపిల్లలు పాకే గదుల కోసం నేసినవి కావు.

పగటి వెలుతురులో ఆ కార్పెట్ ముందు కూర్చుని, తలలో పేలు చూసినట్టు బొచ్చును పాయలు తీసి అడుగు దాకా చూడండి. అటుకుల పొడి, తల వెంట్రుకలు, విరిగిన క్రేయాన్, చెవిదుద్దు శీల, బాబు బొమ్మలోంచి రాలిన పూస, వీటిలో ఏదో ఒకటి కనబడి తీరుతుంది. పైనుంచి చూస్తే ఏమీ కనబడదు. పాకే పాప చేతికి మాత్రం దొరుకుతుంది, దొరికింది నోట్లోకే పోతుంది. అన్నిటికంటే భయపడాల్సింది చిన్న రిమోట్లలో, పాటలు పాడే బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీకి. అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. మింగిందేమో అన్న అనుమానం వచ్చినా సరే, తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. నున్నటి నేల మీదో, బొచ్చు లేని జంపఖానా మీదో పడితే మీ కంటికి ముందు కనబడుతుంది. పొడుగు బొచ్చులో పడితే పాపే ముందు కనుక్కుంటుంది.

ఇక దగ్గు. కార్పెట్‌లో చేరే ధూళి పురుగులు కంటికి కనబడవు. మన ఒంటి నుంచి రాలే పొట్టు తిని బతుకుతాయి, తేమ ఉన్నచోట పెరుగుతాయి. దుమ్ము పడని పిల్లలకు అసలు శత్రువులు సాధారణంగా అవే. కానీ మీరు పరిచిన రెండో రాత్రికే దగ్గు మొదలైందన్నారు. కొత్త కార్పెట్‌లో అవి అంత త్వరగా పెరగవు, వాటికి నెలలు పడుతుంది. కాబట్టి ఇప్పటి దగ్గుకు కారణం కార్పెట్ అడుగున పూసిన జిగురు వాసన కావొచ్చు, రాలే సన్నటి నూగు కావొచ్చు, కొత్త ఇంటి పెయింటు కావొచ్చు, వట్టి జలుబే కావొచ్చు. తేల్చుకునే దారి చిన్నదే. కార్పెట్‌ను పదిహేను రోజులు ఆ గదిలోంచి తీసెయ్యండి, మిగతావేవీ మార్చకండి. దగ్గు తగ్గితే మీకు ఒక జవాబు దొరికినట్టు. తగ్గకపోతే పాపం కార్పెట్‌ను తిట్టి లాభం లేదు, డాక్టరుకు మళ్లీ చూపించండి. మధ్యలో పిల్లికూతలు వచ్చినా, పక్కటెముకలు లోపలికి లాగుతూ ఊపిరి తీస్తున్నా ఈ పదిహేను రోజుల లెక్క పక్కన పెట్టి వెంటనే వెళ్లండి.

వాపసు గడువు ఉంటే ఇచ్చెయ్యడం అన్నిటికంటే తేలిక. గడువు దాటితే హాల్లో సోఫా ముందుకు మార్చుకోవచ్చు. అక్కడ బాబు రాత్రంతా పడుకోడు గనక కొంత నయం, కానీ పాప హాల్లోనూ పాకుతుంది, పూసల గొడవ అక్కడా ఉంటుంది. మీ పడకగదిలో మంచం పక్కన వేసుకుంటే? పాప మీ దగ్గరే పడుకుంటున్నట్టయితే అదీ కుదరదు. వ్యాక్యూమ్ క్లీనర్ కొందాం అంటారేమో మీవారు. పైదుమ్మును అది లాగుతుంది. అడుగున పోగులను పట్టుకుని ఉన్నదాన్ని పూర్తిగా లాగలేదు. మామూలు రకం అయితే సన్నటి దుమ్మును వెనక నుంచి మళ్లీ గదిలోకే వదులుతుంది. ఒక వస్తువును కాపాడుకోవడానికి ఇంకో వస్తువు కొనడం నాకైతే నచ్చదు.

అత్తమ్మ జంపఖానా దగ్గరికి వద్దాం. కొత్తవాడ మగ్గాల మీద నేసే వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు కోసం పరవమని నేను చెప్పడం లేదు. దాని నేత తీరే పిల్లల గదికి సరిపోతుంది. పడుగూ నూలే, పేకా నూలే. బొచ్చు లేదు, అడుగున జిగురు లేదు, వెనక అంటించిన గుడ్డ లేదు. రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి తిరగేసి పరవొచ్చు. దులిపితే దుమ్ము రాలిపోతుంది, సబ్బునీళ్లలో ఉతికితే మరక పోతుంది. మీ అబ్బాయి లాంటి పిల్లలకు ఇంతకంటే తేలికైన పరుపుడు నాకు తోచడం లేదు.

అలాగని పెట్టెలోంచి తీసి ఉన్నపళంగా పరవమనీ అనను. కలరా ఉండల విషయంలో మీరు పట్టిన పట్టు నూటికి నూరుపాళ్లు సరైంది. వాటిలో ఉండేది నాఫ్తలీన్. ఒక్క ఉండ మింగినా పసివాళ్లకు ప్రమాదమే. మింగకపోయినా, ఆ ఉండల మధ్య దాచిన బట్టలు వాడడం వల్ల కొందరు శిశువులకు రక్తకణాలు చితికి కామెర్లు వచ్చిన సందర్భాలున్నాయి. జి6పిడి అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్న పిల్లలకు ఈ ముప్పు ఎక్కువ. పరీక్ష చేయిస్తే తప్ప ఆ లోపం ఉందో లేదో మనకు తెలియదు. కాబట్టి వాసన పూర్తిగా పోయేదాకా అది పిల్లల గది గడప దాటకూడదు. డాబా మీద దండేనికి వేసి రోజూ తిరగేస్తూ ఎండబెట్టండి, ఉతకండి, మళ్లీ ఎండబెట్టండి. ముక్కు దగ్గర పెట్టుకుంటే నూలు వాసన తప్ప ఇంకేమీ రాకూడదు. పెట్టెలో మిగిలిన ఉండలను కూడా ఏరి ఇంట్లోంచి పంపెయ్యండి, బాబు వాటిని చాక్లెట్లనుకోగలడు. దాచేటప్పుడు బాగా ఎండిన వేపాకు గుడ్డలో మూటగట్టి వేస్తే చాలు.

రెండో అనుమానం రంగు. అజో అనే రకం రసాయన రంగుల్లో కొన్నిటి నుంచి క్యాన్సర్ కారకాలు పుడతాయని కేంద్రం 1997 నాటికి మొత్తం 112 రంగులను నిషేధించింది. మీ అత్తమ్మ పెళ్లి అంతకుముందే అయి ఉంటుంది కదా. ఆ జంపఖానాకు ఏ రంగు వేశారో ఇప్పుడు చెప్పగలవాళ్లు లేరు. ఏళ్ల తరబడి ఉతికినదైతే ఊడాల్సింది ఊడిపోయి ఉండేది, ఇది పెట్టెలోనే ఉండిపోయిందంటున్నారు. తెల్లటి నూలుగుడ్డ తడిపి, ముదురు రంగు చారల మీద గట్టిగా రుద్దండి. గుడ్డకు రంగు అంటితే పాప చప్పరించే చోట దాన్ని వేయొద్దు. అప్పుడు అది ఎక్కడ ఉండాలో కింద చెబుతాను, ఎందుకంటే అది రంగుకు సంబంధించిన విషయం ఒక్కటే కాదు.

కొత్తది కొన్నా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. జంపఖానా రెండు కొసలకూ కుచ్చులు వేలాడుతుంటాయి. చూడ్డానికి బాగుంటాయి, పాప వాటినే చీకుతుంది. ఊడిన పోగు పసివాళ్ల కాలివేలికి చుట్టుకుని బిగిస్తే రక్తం ఆగిపోయి వేలు వాచి ఎర్రబడుతుంది. పిల్ల ఊరికే ఏడుస్తోందని మనం పాలు పడతాం. ఆ కొసలను లోపలికి మడిచి దర్జీతో రెండు వరసలు కుట్టించెయ్యండి. పాప ఎందుకు ఏడుస్తోందో తెలియనప్పుడు కాలివేళ్లు, చేతివేళ్లు ఒకసారి విప్పి చూడడం అలవాటు చేసుకోండి, ఇది జంపఖానా ఉన్నా లేకున్నా పనికొస్తుంది.

జారడం అసలు సమస్య. నున్నటి టైల్స్ మీద ఉత్త జంపఖానా వేస్తే, ఉరికే పిల్లాడితో పాటు అదీ ఉరుకుతుంది. అప్పుడు గదవకు ఇంకో రెండు కుట్లు. అడుగున వేసే రబ్బరు జాలీ దొరుకుతుంది. జంపఖానా కంటే నాలుగు వైపులా అంగుళం తక్కువగా కత్తిరించి వెయ్యండి, అంచు బయటికి కనబడితే పాప దాన్నే పీకి నములుతుంది. చవక రకం జాలీలు కొన్ని టైల్స్‌కు అతుక్కుని మరక వదులుతాయి, పొడిపొడిగా రాలతాయి కూడా. అందుకని ముందు ఒక మూలన చిన్న ముక్క వేసి పదిరోజులు చూడండి. జాలీ వద్దనుకుంటే జంపఖానా ఒక కొసను మంచం కోళ్ల కింద నొక్కి పెట్టొచ్చు. రెండో కొస మాత్రం లేస్తుంది, దులపాలన్న ప్రతిసారీ మంచం ఎత్తాలి, చివరికి దులపడమే మానేస్తారు. ఇంకో సంగతి, ఇంట్లో సాక్సులు మాన్పించండి. వట్టికాళ్లతో ఉరికే పిల్లాడు జారేది చాలా తక్కువ, దీనికి పైసా ఖర్చు లేదు.

కొలత దగ్గర చాలామంది బోల్తా పడతారు. గది నిండా ఒకటే పెద్దది వెయ్యాలనిపిస్తుంది. ఆరడుగులు తొమ్మిదడుగుల నూలు జంపఖానా నీళ్లు తాగాక ఒక్క మనిషి ఎత్తగలిగే బరువు కాదు. స్కూలుకు పోయి వచ్చే మీరు దాన్ని బాత్రూంలో తొక్కి ఉతికి, పిండి, మెట్లెక్కి ఆరేస్తారా? ఎవరి నడుముకైనా అది శిక్షే. మూడడుగులు ఐదడుగులవి రెండు తీసుకోండి. ఒకటి నేల మీద, ఒకటి దండెం మీద. వాషింగ్ మిషన్‌లో పడుతుందా లేదా అన్నది కొనేముందే తూకం అడిగి లెక్క చూసుకోండి, మిషన్ మీద రాసిన కిలోలు పొడి బట్టల బరువు. కొత్త నూలు మొదటి ఉతుకులో కాస్త ముడుచుకుంటుంది, రంగూ వదులుతుంది. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని మన ఇళ్లలో అంటారు గానీ దాని మీద భరోసా పెట్టుకోవద్దు. నీళ్లు తేటగా వచ్చేదాకా విడిగా ఉతకడమే దారి. అది తేలాకే పిల్లల గదిలోకి.

నూలే అని చెప్పి కల్తీ పోగు అంటగడతారేమో అన్న భయం ఉంటే, కొసన ఒక పోగు లాగి, పిల్లలు దగ్గర లేనప్పుడు సింకు మీద పట్టుకుని అగ్గిపుల్ల ముట్టించండి. నూలు కాగితంలా కాలి, వేలితో నలిపితే మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టర్ ముడుచుకుని కరిగి, నల్లటి గట్టి గింజలా మిగులుతుంది, ప్లాస్టిక్ కాలిన వాసన వేస్తుంది. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన. చేనేతకు కేంద్రం 2006లో పెట్టిన హ్యాండ్లూమ్ మార్కు ముద్ర ఉందేమో కూడా చూడండి. కొత్తవాడలోనే నేసేవాళ్ల ఇంటికి వెళ్లి కొంటే ఇంత పరీక్ష అక్కర్లేదు, పోగులు కళ్ల ముందే కనబడతాయి.

మీ ఆడబిడ్డ చెప్పిన ఫోమ్ మ్యాట్‌ను కొట్టిపారెయ్యను. పడితే దెబ్బ తగలకుండా ఆపే పని మూడింటిలోకీ అదే బాగా చేస్తుంది. జంపఖానా ఆ పని చెయ్యదు, అది చలిని ఆపుతుంది, అడుగున జాలీ ఉంటే జారుడును ఆపుతుంది, తలకు తగిలే దెబ్బను పెద్దగా ఆపదు. పాప ఇంకో రెండు నెలల్లో పట్టుకుని నిలబడుతుంది, వెనక్కి ధబ్బున కూర్చుంటుంది, అప్పుడు ఫోమ్ మీద ఉంటే మీకు ప్రాణం కుదుటపడుతుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు, ఉతుకుడు లేదు. కానీ కొనేది చూసి కొనాలి. అక్షరాలు, అంకెలు ఊడివచ్చే ముక్కల రకం వద్దు. పళ్లొచ్చే పిల్లలు అంచులు కొరికి మింగుతారు, గొంతుకు అడ్డం పడుతుంది. ముక్కల సందుల్లో పాలు, ఉచ్చ దిగి, కింద తేమ నిలిచి వాసన కొడుతుంది. కొన్ని ఫోమ్ మ్యాట్లలో ఫార్మమైడ్ అనే రసాయనం ఎక్కువగా ఉందని 2010 చివర్లో బెల్జియం వాటి అమ్మకాన్ని ఆపింది. ఆ తరువాత యూరప్ దానికి పరిమితి పెట్టింది. ‘నాన్ టాక్సిక్’ అని పెద్ద అక్షరాల్లో రాసినంత మాత్రాన ఏమీ తేలదు, ఏ ప్రమాణం ప్రకారం పరీక్ష చేశారో పేరు రాసి ఉండాలి. మన దగ్గర 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐ.ఎస్.ఐ. మార్కు తప్పనిసరి. ఆట వస్తువుగా అమ్ముతున్న మ్యాట్ అయితే ఆ మార్కు అడగండి. పెట్టె తెరవగానే ముక్కు పగిలే వాసన వస్తే వాపసు, కొద్దిపాటి వాసన అయితే కొన్నాళ్లు బాల్కనీలో గాలికి పెట్టాక వాడండి. నా లెక్కలో మడత పెట్టగలిగే ఒకటే పలక ఉన్న మ్యాట్ మీకు ఏడాదో, ఏడాదిన్నరో పనికొస్తుంది. పాప నడక కుదిరాక దాని పని అయిపోతుంది, అప్పుడు ఇంకెవరింట్లో పాప పుట్టిందో చూసి ఇచ్చెయ్యండి.

నాలుగో దారి మీలో ఎవరూ అనలేదు. ఏమీ పరవకపోవడం. దుమ్ము పడని పిల్లలున్న ఇంట్లో వట్టి నేల, రోజూ తడిగుడ్డ పెట్టి తుడవడం, ఇంతకు మించిన శుభ్రం లేదు. వానాకాలంలో మీరు చెయ్యాల్సింది ఇదే. మృగశిర దాటి ముసురు పట్టాక ఉతికిన జంపఖానా మూడు రోజులైనా ఆరదు, సగం ఆరినదాన్ని పరిస్తే అడుగున బూజు. 2023 జూలై వానలకు హనుమకొండలో ఎన్ని కాలనీల్లోకి నీళ్లొచ్చాయో మీకు గుర్తుండే ఉంటుంది. మీది కింది అంతస్తు అయితే నేల చెమ్మగిల్లుతుంది కూడా. ఆ మూడు నాలుగు నెలలు చుట్టి పైన పెట్టండి, ఫోమ్ పలక ఉంటే దానితో గడపండి. దసరా సున్నాలప్పుడు మళ్లీ తీస్తే సరిపోతుంది. చలికాలం పొద్దున్నే టైల్స్ చల్లగా ఉంటాయి, జంపఖానా అక్కరకొచ్చేది అప్పుడే.

ఒక మాట. కింద పరిచేది మార్చేసి, బాబు పడుకునే పరుపును అలాగే ఉంచితే సగం పని కూడా కానట్టే. ధూళి పురుగులు ఎక్కువగా ఉండేది పరుపులో, దిండులో, వాడు పక్కలో పెట్టుకునే బొచ్చు ఎలుగుబంటిలో. దిండు గలీబులు, దుప్పట్లు వారానికోసారి చెయ్యి పెట్టలేనంత వేడినీళ్లలో ఉతకండి, అరవై డిగ్రీల వేడికి అవి చస్తాయి. దూది పరుపు అయితే ఎండలో వేసి కొట్టించండి, బాబు లేనప్పుడు. ఆ గదిలో దోమల చక్రం, అగరుబత్తి వెలిగించకండి. వాటి పొగ కూడా ఊపిరితిత్తులను రేపుతుంది. దోమతెర కట్టండి.

ఇప్పుడు ఇంట్లో కోపాల సంగతి. అత్తమ్మ బాధ జంపఖానా గురించి కాదని మీకు నాకంటే బాగా తెలుసు. అన్న మగ్గం మీద కూర్చుని చెల్లె పెళ్లికి నేసింది అది. టైల్స్ ఇంట్లోకి వచ్చాక కూడా ట్రంకుపెట్టెలోనే ఉండిపోయింది. మీరు కలరా ఉండల వాసన గురించి అన్న మాట ఆమెకు పుట్టింటి గురించి అన్నట్టు వినబడింది. ఈ ఆదివారం ఆమెను వెంటబెట్టుకుని కొత్తవాడ వెళ్లండి, ఎంపిక ఆమె చేతుల్లో పెట్టండి. నేత బిగువుగా ఉందా వదులుగా ఉందా, అంచు తిన్నగా వచ్చిందా అన్నది నేతింటి ఆడపిల్లకు చెయ్యి వేస్తేనే తెలుస్తుంది, మీకూ నాకూ తెలియదు. పాతదాన్ని బాగా ఎండబెట్టి ఉతికాక, రంగు అంటడం లేదని తేలితే పిల్లల గదిలోనే వెయ్యండి. అంటుతుంటే ఆమె మంచం మీదో, చుట్టాలు వస్తే కూర్చునే దివాన్ మీదో పరవండి. పెట్టెలోకి మాత్రం మళ్లీ పంపకండి. అప్పటికీ ఆమె కోపం పూర్తిగా తగ్గకపోవచ్చు, కొంతకాలం పడుతుంది. అయినా పాప నోటి దగ్గర విషయంలో మీరు వెనక్కి తగ్గనక్కర్లేదు.

మీవారితో మాట వేరే. ఆయనకు డబ్బు పోయిందన్న బాధ, తన ఎంపికను కాదన్నారన్న చిన్నతనం రెండూ ఉంటాయి. ‘నీ కార్పెట్ వల్లే దగ్గు’ అని మొదలుపెడితే అక్కడే ఆగిపోతుంది. అది నిజమో కాదో కూడా ఇంకా తేలలేదు. పదిహేను రోజులు తీసి చూద్దాం అనండి, ఆయనే తీసి చుట్టి పెట్టమనండి. ఆ తరువాత ఉతుకుడు గురించి తేల్చుకోండి. రెండు వారాలకోసారి ఆదివారం పొద్దున జంపఖానా మార్చడం, డాబా మీద దులపడం ఆయన వంతు. దులిపేటప్పుడు బాబు కింద ఇంట్లో ఉండాలి. ఆయన ఒప్పుకుంటే మీరు నాలుగడుగులు ఆరడుగులది కూడా తీసుకోవచ్చు. ఒప్పుకోకపోతే మూడు ఐదు కూడా ఎక్కువే, ఒక చిన్నది చాలు, మిగతాది వట్టి నేల. ఎంత పరవాలన్నది ఉతికే చేతులు ఎన్ని అన్నదాన్ని బట్టే ఉండనివ్వండి. ఆడబిడ్డకు ఫోన్ చేసి, నువ్వు చెప్పిన మ్యాట్ పాప నడిచేదాకా వాడతాం, ముక్కల రకం కాకుండా పలక రకం చూడు అనండి. కొనిచ్చేదీ ఆమే అయితే ఇంకా మంచిది.

బాబు అడిగిన రోడ్లు, కార్ల బొమ్మలవి ఎక్కువగా నైలాన్ మీద అచ్చు వేసి, వెనక రబ్బరు అంటించినవి. ఉతికితే ఆ రబ్బరు పెచ్చులుగా లేస్తుంది, పాప ఉన్న ఇంట్లో అదొక తంటా. మీరు అడిగిన కలంకారీ అచ్చు జంపఖానాల బొమ్మ ఒకవైపే ఉంటుంది, తిరగేసి పరవడానికి కుదరదు, తరచూ ఉతికితే అచ్చు వెలిసిపోతుంది. హాల్లో గోడకో, దివాన్‌కో అవి బాగుంటాయి. పిల్లల గదికి నేతలోనే రంగు కలిసిన చారలది తీసుకోండి. చారలు కారు పట్టేంత వెడల్పుగా ఉన్నదాన్ని బాబునే ఏరుకోమనండి. బొమ్మ కారు ఒకటి జేబులో పెట్టుకుని రమ్మంటే, దుకాణంలోనే నడిపి చూసి వాడే చెబుతాడు.